పదును లేని కొక్కెం

సింహాచలం కొండ కింద బెలూన్లు కొట్టించే దుకాణం తాతబాబుది. ఇల్లు గడిచేది తండ్రినాటి జర్మనీ ఎయిర్‌గన్ మీదే. అది మొరాయిస్తే గోపాలపట్నంలో దిక్కు ఒక్కడే, పోర్టు వర్క్‌షాపు ఫిట్టరు చలమయ్య, వరసకు బావ. జర్మనీ సామాన్లు దొరకడం మానేసి ఏళ్లయింది. వాషరు పోతే చలమయ్య పాత చెప్పు తోలు కత్తిరించేవాడు, స్ప్రింగు పోతే లారీ షెడ్లన్నీ గాలించేవాడు. అతని చేతిలో పడితే చచ్చిన తుపాకీ కూడా లేచి కూర్చుంటుందని పేరు.

డెబ్బై తొమ్మిదిలో, రేపు చందనయాత్ర అనగా, ట్రిగ్గరు లోపలి కొక్కెం విరిగింది. బిగించిన స్ప్రింగును పట్టి ఉంచేది ఆ గోరంత ముక్కే. నిదానమే ప్రధానమని అందరికీ చెప్పే చలమయ్య గంటలో కొత్తది చేసి ఇచ్చేశాడు. మర్నాడు గొట్టం వంచి గుండు పెడుతుండగా అది దానంతటదే మూసుకుంది. తాతబాబు చూపుడువేలు సగం తెగిపోయింది.

"నా సెయ్యే జారిపోనాది బావా," అన్నాడు ఆసుపత్రిలో. తాగి ఉంటాడని ఊరంతా అంది. చలమయ్యకు తన కొక్కెం మీదే అనుమానం, అయినా తుపాకీ విప్పి చూడలేదు. తుపాకీ అటకెక్కింది, తాతబాబు రేవులో బస్తాలు మోశాడు.

ఆరేళ్లకు మళ్లీ తెచ్చాడు.

"నడుం ఇరిగిపోతంది బావా. దుకానం ఎడతాను, కాస్త సూడు."

చలమయ్య విప్పాడు. కొక్కెం అంచు నున్నగా అరిగి ఉంది. ఆకురాయి పెడితే మెత్తటి ఇనుములా ఇట్టే అరిగింది. ఆనాటి తొందరలో దాన్ని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, గట్టిపడేలా పదును పెట్టడం మరిచాడు. ఆరేళ్ల అనుమానానికి సాక్ష్యం అరచేతిలో ఉంది. తుక్కులో పారేస్తే అడిగేవాడు లేడు. అతను సిగ్గుతో చితికిపోయాడు.

కొత్త కొక్కెం చేశాడు. కాల్చాడు, నూనెలో ముంచాడు, సన్నసెగన మళ్లీ కాచాడు. బిగించి గొట్టం వంచి, గుండు పెట్టే సందులో తన చూపుడువేలు పెట్టాడు. రెండో చేత్తో తుపాకీ మడమను నేలకేసి కొట్టాడు.

"ఏటి సేత్తన్నావ్ బావా! ఏలు పోద్ది!"

మూడుసార్లు కొట్టాడు. కొక్కెం జారలేదు. వేలు తీసి, పాత ముక్కను తాతబాబు చేతిలో పెట్టాడు.

"నీ సెయ్యి జారనేదు తాతబాబూ. జారినాది ఇది. నాను పదును పెట్టనేదు."

తాతబాబు ఆ ముక్కను సగం వేలితో అటూ ఇటూ తిప్పి చూశాడు. తుపాకీ భుజాన వేసుకుని లేచాడు.

"ఆరేళ్లు నా సేతినే తిట్టుకున్నాను," అన్నాడు.

బావా అనలేదు.