కొండెక్కిన బొంత

నేను ఒక బొంతను. మూడు పాత చీరలు, వాటి మధ్య రెండు చిరుగు పంచెలు, అన్నింటినీ పట్టి ఉంచే నూలు దారం, ఇదే నా వంశం. అయినా ఈరోజు కొండ మీద ఒక పెద్ద హాల్లో గోడకు వేలాడుతున్నాను. నన్ను కప్పుకునేవాళ్లు లేరు. మనుషులు ఒక వస్తువును గౌరవించాలనుకుంటే ముందు దాని పని మాన్పిస్తారు.

నేను పుట్టింది కొండ కింద, శృంగవరపుకోటలో, సన్యాసమ్మ ఇంటి వసారాలో. ఇరుగుపొరుగు వరహాలుకూ గౌరమ్మకూ బొంత కుట్టడం నేర్పింది ఆవిడే. ఇద్దరూ ఆవిణ్ణి అక్క వరసన అప్పా అని పిలిచేవాళ్లు. నాలో తలా ఒక పట్టీ. మధ్య పట్టీ సన్యాసమ్మది, నేరేడుపండు రంగు చీర. ఎవరి పట్టీ వాళ్లే కుట్టాలి, రెండో చెయ్యి పడకూడదు. అది ఆ వసారా కట్టుబాటు.

కొండ మీద బొంతల పండుగ జరుగుతుందని, మంచి బొంతకు బహుమతి ఇస్తారని ఎవరో చెప్పిన రోజు నుంచి కుట్టు తగ్గి కబుర్లు పెరిగాయి. రెండు రోజుల ప్రయాణం. పొద్దున రైలెక్కాలి, పులిహోర వరహాలు తేవాలి, చలికి గౌరమ్మ అల్లుడి స్వెట్టరు అడగాలి. రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం తేలలేదు. తేలకపోయినా ఏ పక్క ఎవరు పడుకోవాలో అని వాదించుకున్నారు. కిటికీ పక్కన ఎవరన్న దాని మీద మాత్రం వాదన రాలేదు. అది సన్యాసమ్మది.

ఆవిడ కళ్లలో నీటికాసులు. ఉన్న చూపు కూడా ఎక్కువ కాలం నిలవదని డాక్టరు చెప్పేశాడు. పుట్టినప్పటి నుంచీ ఆ కొండను కింద నుంచి చూసిందే తప్ప ఒక్కసారీ ఎక్కలేదు.

“సూపున్నప్పుడే ఒక్కపాలి కొండ మీంచి మనూరు సూడాల. నాకింకేటీ వొద్దు,” అంది ఒకరోజు, సూదిలో దారం ఎక్కించమని గౌరమ్మకు ఇస్తూ.

అప్పటికే ఆవిడ కుట్లు దారి తప్పుతున్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మధ్యలో ఒకటి పక్కకు జారేది. నాకు ఆ కుట్లంటే ఇష్టం. ప్రతి కుట్టుకు ముందు ఆవిడ వేలు నన్ను తడిమి చూసుకునేది. అంత జాగ్రత్తగా నన్ను ఇంకెవరూ ముట్టుకోలేదు.

మిగతా ఇద్దరికీ భయం పట్టుకుంది. పండుగలో ఆ కుట్లు చూసి పదిమందీ అప్పను ఎగతాళి చేస్తారేమోనని. బహుమతి మీద ఆశ కూడా లేకపోలేదు, ఎందుకు అబద్ధం. ఎండలో వేస్తామని నన్ను వరహాలు ఇంటికి మోసుకుపోయారు. మధ్య పట్టీ కుట్లు విప్పి, గీత గీసినట్టు మళ్లీ కుట్టారు. కుడుతూ గౌరమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే కుట్టింది.

తిరిగి తెచ్చి పరిస్తే సన్యాసమ్మ వేలు పైనుంచి కింద దాకా నడిచింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

“ఎవులు కుట్టినారే?”

“నువ్వే గదప్పా,” అంది వరహాలు.

“నా సెయ్యి నాకు తెల్దేటి.”

అంతే. గొడవ పడలేదు. నన్ను మడతపెట్టి వాళ్ల చేతికిచ్చింది. ప్రయాణం రోజు పొద్దున మోకాళ్లు నొప్పులని, మీరు వెళ్లిరండని కబురు పంపింది. ఇద్దరూ ఇంటికి పరుగెత్తి బతిమాలారు. కదల్లేదు. చివరికి వాళ్లే రైలెక్కారు. కిటికీ పక్కన నన్ను పెట్టారు. సొరంగాలూ లోయలూ అన్నీ నేను చూశాను. చూడాల్సిన మనిషి చూడలేదు.

నాకు మొదటి బహుమతి వచ్చింది. మధ్య పట్టీ కుట్టు మరీ ముచ్చటగా ఉందన్నారు. నన్ను ఇక్కడే ఉంచుకుంటామని అడిగితే ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. నన్ను ఇంటికి తీసుకెళ్లి ఆవిడ ముందు పరిచే ధైర్యం వాళ్లకు లేదని నాకు తెలుసు.

మరుసటి ఏడు పండుగకు ముగ్గురూ వచ్చారు. ఎంత బతిమాలారో, ఆవిడ ఎందుకు సరేనందో నాకు తెలియదు. అప్పటికి సన్యాసమ్మకు వెలుతురు కూడా తెలియడం లేదు. కొండ అంచున నిలబెట్టి, అదిగో మనూరు, అదిగో చెరువు అని వరహాలు చెప్పిందట. ఆవిడ తలూపిందట. తర్వాత నా దగ్గరకు తీసుకొచ్చారు.

ముట్టుకోరాదని నా పక్కన బోర్డు ఉంది. కాపలా మనిషి ఆవిడ కళ్లు చూసి తల తిప్పుకున్నాడు.

వేలు మధ్య పట్టీ అంతా వెతికింది. తనది కానిది దాటుకుంటూ దాటుకుంటూ కిందకి వచ్చింది. అడుగున అంచు మడత లోపల ఆగిపోయింది. అక్కడ జానెడు మేర పాత కుట్లు ఉన్నాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. విప్పేటప్పుడు వాళ్ల కంట పడలేదు.

సన్యాసమ్మ చాలాసేపు అక్కడే వేలు పెట్టుకుని నిలబడింది.

“ఇదొక్కటీ మరిసిపోనారే,” అంది.

రైలు వేళవుతోందని గౌరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయారు.

వచ్చినవాళ్లు ఇప్పటికీ నా మధ్య పట్టీనే మెచ్చుకుంటారు. కింది అంచును ఎవరూ తిప్పి చూడరు.