మొత్తానికి రాసిన బిల్లు

జయంతి వదిన నోటికి తాళం చేసేవాడు ధర్మవరంలో ఇంకా పుట్టలేదు. ఈ మాట ఆమె ముందే అంటాను, ఆమె నవ్వుతుంది. కానీ మొన్న నా ఫోన్ల అంగడిలో నిలబడి ఆమె అరిచిన అరుపుకు నాకు నవ్వు రాలేదు.

ఆమె మొగుడు కుళ్ళాయన్న, నేను ఒకే మగ్గం మీద పనిచేసినవాళ్ళం. మా పట్టుచీరకు బాడీ ఒక రంగు, అంచు ఒక రంగు. ఆయన బాడీకి పోగు మోసే నాడె విసిరేవాడు, పక్కన కూర్చుని అంచుకు నాడె విసిరేది నేను. పోగు తెగితే తిట్లు ఇద్దరికీ సమానంగా పడేవి. తర్వాత నా నడుము మొరాయించింది. మగ్గం దిగి ఫోన్ల అంగడి పెట్టాను. పెళ్ళీపెటాకులూ లేనివాణ్ణి. పండగ పూట నా విస్తరి వాళ్ళింట్లోనే పడుతుంది. ఈ ఊళ్ళో నాది అనుకోవడానికి ఉన్న ఇల్లు అదొక్కటే.

నిన్నమొన్నటి దాకా సాహుకారుకు కూలికి నేసిన ఇల్లది. ఇప్పుడు జయంతి వదిన చీరలకు ఫోటోలు తీసి, వాట్సాప్‌లో పంపి నేరుగా అమ్ముతోంది. బిల్లు మాత్రం చేనేత సంఘం పేరు మీద రాయిస్తుంది. అంతా బాగానే ఉంది గానీ ఆమె పాత ఫోనుకు కళ్ళు సరిగా లేవు. వంకాయ రంగు చీరను నీలంగా చూపిస్తుంది. చీర చేతికందాక కొన్నవాళ్ళు రంగు వేరని తిప్పి పంపుతున్నారు. బెంగుళూరు సునందమ్మ కూతురి పెళ్ళికి వంకాయ రంగు చీరే అడిగింది. ఈసారి ఫోటోలో అసలు రంగు కనిపిస్తేనే తీసుకుంటానని ముందే చెప్పేసింది. ఆ చీర తిరిగొస్తే కుళ్ళాయన్న మళ్ళీ సాహుకారు గడప తొక్కాల్సిందే.

అందుకని మొగుడూ పెళ్ళాం కొత్త ఫోనుకు నా దగ్గరికి వచ్చారు. మంచి కెమెరా ఉన్నది చూపించాను. ధర ఇరవై వేలు, పద్దెనిమిది శాతం పన్నుతో కలిపి ఇరవై మూడు వేల ఆరువందలు. పాత ఫోను నేను తీసుకుని దానికి నాలుగు వేలు కట్టాను. మిగతాది ఫైనాన్సు కంపెనీ కట్టేస్తుంది, వీళ్ళు నెలనెలా కంతులు తీర్చుకోవాలి. వడ్డీ లేదు.

"నెలనెలా కంతు మీద మళ్ళీ పన్ను పడతాదా?" అని వదిన అడిగింది.

"లేదు వదినా. పన్ను బిల్లులోనే ఒకసారి అయిపోతాది. దాన్నీ కలిపే కంతులుగా పంచుతారు. కంపెనీవాళ్ళు తీసుకునే ఫీజు మీద మాత్రం కొంచెం పన్ను ఉండాది."

"వడ్డీ లేదంటివి, మళ్ళా ఫీజేంది, ఫీజు మీద పన్నేంది?" అంటూనే బిల్లు తీసుకుని చదివింది. చదువుతూ చదువుతూ ముఖం మారిపోయింది.

"ఏమప్పా, నాలుగు వేలు తీసేసినాక మేం కట్టేది పంతొమ్మిది వేల ఆరువందలే కదా. పన్నేమో ఇరవై వేల మీద వేసినావే?"

"పన్ను కొత్త ఫోను పూర్తి ధర మీద పడతాది. పాతదిచ్చినా ఇయ్యకపోయినా అంతే."

"అదెట్లప్పా? సాహుకారు పట్టిచ్చి నేయిస్తే, చీర తూకంలో ఆ పట్టు తీసేసే కదా లెక్క చూసేది? ఇచ్చినదానికి ఎవరన్నా మళ్ళా లెక్క కడతారా? నా ఫోను నీ చేతిలో పెట్టినా. దానికీ నేనే పన్ను కట్టల్లనా?"

ఆమె లెక్క నాకు అర్థమైంది. మగ్గం ఇళ్ళలో ఎవరైనా అట్లాగే అనుకుంటారు. నెమ్మదిగా చెప్పబోయాను.

"వదినా, ఆ పట్టు ఎప్పుడూ సాహుకారుదే, మనది కూలి. ఈ ఫోను నీది, నాకు అమ్మినావు. అదొక బేరం. కొత్తది నువ్వు కొనేది ఇంకో బేరం. రెండూ ఒకే బల్ల మీద జరిగినాయి కాబట్టి ఒకటే మాదిరి కనపడతాండాయి."

వింటే ఆమె జయంతి వదిన ఎందుకవుతుంది? అంగడిలో కొనేవాళ్ళున్నారు, ఎదురుగా టీ బంకు దగ్గర మనుషులున్నారు. అందరికీ వినపడేట్టు అరిచింది.

"మగ్గం వదిలి మాయలు నేర్చినావు! ఆ పైపన్ను నీ జేబులోకే పోతాది. మా ఇంట్లో తిన్న చేత్తోనే మాకు బొక్క పెడతావా?"

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని తెలుసు. వ్యాపారంలో ఇంతకంటే పెద్ద మాటలే పడ్డాను. కానీ తిన్న చెయ్యి అనేసరికి ఓర్చుకోలేకపోయాను. పాత ఫోను తీసి ఆమె ముందు పెట్టాను.

"ఇంకో అంగడి చూసుకో వదినా. ఈడికి రావద్దు" అన్నాను.

కుళ్ళాయన్న ఇద్దరి ముఖాలూ చూసి చెప్పులేసుకున్నాడు. వాళ్ళు పోయాక బిల్లు చించేశాను. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. దాని కింద భయం కూడా ఉంది. ఇక ఉగాదికి ఎవరింటికి పోవాలి నేను?

మర్నాడు మధ్యాహ్నం కుళ్ళాయన్న సంకలో గుడ్డమూటతో వచ్చాడు. వెనక వదిన. నా వైపు చూడకుండా గోడ మీది బొమ్మలు చూస్తూ నిలబడింది.

"ఫోను కొనేదానికి రాలేదప్పా. నీ కొత్త ఫోనుతో చీరను ఒక ఫోటో తీసి పంపు. సునందమ్మకు ఈ పొద్దు చూపీకపోతే బేరం పోతాది" అన్నాడు కుళ్ళాయన్న.

కొత్త ఫోను పెట్టెలోంచి తీశాను. చీర విప్పి వెలుతురులో పరిచాము. లేత వంకాయ రంగు, ఆవపువ్వు రంగు అంచు. ఆ అంచు చూస్తే నా చెయ్యి ఊరికే ఉండలేకపోయింది, ఒకసారి తడిమాను. ఫోటో తీసి పంపితే రంగు ఉన్నదున్నట్టు వచ్చింది.

కాసేపటికే వదిన పాత ఫోను మోగింది. దాంట్లో మాట గట్టిగా పెడితే గానీ వినపడదు, అందుకని అందరం విన్నాం.

"రంగు చాలా బాగుంది జయంతీ, నాకిదే కావాలి" అంది సునందమ్మ. "మా అమ్మది పాత పట్టుచీర ఉంది, అసలు వెండి జరీది. అది నువ్వు తీసుకుని ధర తగ్గించు. బిల్లు కూడా మిగతా డబ్బుకే రాయించు, పన్ను కలిసొస్తుంది."

వదిన మాట కోసం వెతుక్కోవడం అంతవరకు నేనెప్పుడూ చూడలేదు. చీర మడత మీద చెయ్యి పెట్టింది.

"పాత చీర పంపండమ్మా, జరీకి ఏం ధర పలికితే అది కట్టిస్తా. అదొక బేరం. ఈ చీర బిల్లు మాత్రం తగ్గించను. మా ఆయన దీన్ని కొసదాకా నేసినాడు. సగానికి బిల్లు రాపిస్తే సగమే నేసినట్లయితాది."

సునందమ్మ నవ్వి, "సరే, నీ ఇష్టం. చీర పంపు" అంది.

కుళ్ళాయన్న ఊపిరి వదిలాడు. వదిన ఇంకా చీర వైపే చూస్తోంది.

అప్పుడు ఆమె పాత ఫోనులోంచి సిమ్ము తీసుకుని, ఫోను తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తలుపు వైపు తిరిగింది. ఎదురుగా టీ బంకు దగ్గర నిన్నటి మనుషులే ఉన్నారు. నిన్న ఎంత గట్టిగా అరిచిందో అంత గట్టిగానే అంది:

"ఓబులేషూ, నిన్న రాసిన మాదిరే రాయప్పా బిల్లు. మొత్తానికి రాయి. రాసి, అంగడి మూసి ఇంటికి రా. నీకూ వండి వచ్చినా."