మెట్టు మీద వదిలిన పళ్ళెం

మణల్‌తురై చర్చిలో కొత్త పీఠం పెట్టి ఆరు నెలలైనా, ఊరి ఆడవాళ్ళు దాన్ని ఇంకా కొత్తకోడలిని చూసినట్టు ఎగాదిగా చూస్తూనే ఉన్నారు. పాతది చెక్కపీఠం. నాలుగు మెట్ల పైన, వెనక గోడ దగ్గరెక్కడో ఉండేది. ఇది నల్లరాయి. ఒకే ఒక్క మెట్టు. జనం మధ్యకు లాక్కొచ్చి పెట్టారు. ముందు చాప మీద కూర్చుంటే ఫాదర్ చేతి గడియారంలో టైమెంతయిందో కూడా కనబడుతుంది.

"అంత దగ్గరగా ఉంటే ఇంక భయమేముంటుంది ఫాదర్?" అని మదలేనాళ్ అడిగేసింది. ఎనభై దాటిన మనిషి. ఎవరినైనా ఏదైనా అడగడానికి ఆవిడకు మొహమాటం లేదు.

అది గురువారం సాయంత్రపు వీధి ప్రార్థన. ఆ వారం వంతు మదలేనాళ్ ఇంటిది. ఇల్లంటే ఆవిడా, కోడలు అమలోర్పవం, అంతే. వసారాలో ఇరవై మంది ఇరుక్కుని కూర్చున్నారు. ఫాదర్ అరుళ్ వయసు ముప్పై రెండు. సెమినరీ నుంచి వచ్చాక ఇదే మొదటి ఊరు కాబట్టి, ఎవరు ఏమడిగినా ఓపిగ్గా జవాబు చెప్పే అలవాటు ఆయనకింకా పోలేదు.

"భయపడ్డానికి కాదు మామ్మా. ఇంట్లో అందరూ కలిసి కూర్చుని అన్నం తినే చోటుంటుంది కదా, పీఠం కూడా అలాంటిదే. ఒకే పంక్తిలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ముద్ద మింగితే అదేం భోజనం? అందుకే ఏసయ్య ఏమన్నాడు? కానుక పట్టుకుని పీఠం దాకా వచ్చాక, ఫలానా తోబుట్టువు నా వల్ల నొచ్చుకున్నాడని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే పెట్టేసి ముందు వాడి దగ్గరికెళ్ళమన్నాడు. మనిషి ముందు. కానుక తర్వాత."

చర్చి పనుల్లో ఫాదర్‌కు సాయంగా ఉండే ఉపదేశి పిచ్చై గొంతు సవరించుకున్నాడు. "అలాగైతే ఫాదర్, మన ఊళ్ళో కానుకలన్నీ ఆ మెట్టు మీదే పేరుకుపోతాయి. తలుపు మూసుకోడానిక్కూడా దారుండదు."

వసారా అంతా నవ్వింది. ఫాదర్ కూడా నవ్వాడు. నవ్వుతూనే చెప్పులేసుకుంటూ, "ఒకటి గమనించారా? నీకు వాడి మీద కోపముందా అని అడగలేదాయన. వాడికి నీ మీద ఏముందో గుర్తుచేసుకోమన్నాడు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అమలోర్పవం నవ్వలేదు. ఆ మాట ఆమె గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. ఎందుకంటే వచ్చే ఆదివారం చర్చిలో చేసే పూజ ఆమె భర్త సూసై పేరు మీద. పోయి పదేళ్ళు నిండుతున్నాయి. ఎవరి పేరు మీద పూజ చేయిస్తే వాళ్ళింటివాళ్ళే, ప్రసాదంగా పంచే అప్పాల పళ్ళెం పట్టుకుని పీఠం దాకా నడవాలి. అది ఊరి పద్ధతి.

ఆమెకున్న తోబుట్టువు ఒక్కడే. ఇన్నాసి. ఆరేళ్ళు చిన్నవాడు. బావాబావమరుదులిద్దరూ ఒకే పడవ మీద వెళ్ళేవాళ్ళు. పదేళ్ళ కిందట గాలివానలో పడవ బోల్తా కొట్టింది. ఇన్నాసిని వేరే పడవవాళ్ళు తీసుకొచ్చారు. సూసైని మూడో రోజు సముద్రమే తెచ్చి ఒడ్డున పడేసింది. ఆ ఇసుకలోనే, ఊరందరి ముందూ అమలోర్పవం తమ్ముడి చొక్కా పట్టుకుని, "నా మొగుణ్ణి నీళ్ళలో వదిలేసి నువ్వు బతికొచ్చావా?" అంది. అంతే. ఇంకో మాట అక్కర్లేకపోయింది. మర్నాటి నుంచి ఇన్నాసి పడవలో కాలు పెట్టడానికి ఒక్క మనిషి దొరకలేదు. తోటివాణ్ణి వదిలేసి వచ్చినవాడితో ఎవరు సముద్రం మీదికి పోతారు? పడవ అమ్మేసి, ఒంటరిగా తెప్ప వేసుకుని, ఒడ్డు కనబడేంత దూరంలో దొరికిన గవ్వో పీతో పట్టుకుని బతుకుతున్నాడు. చర్చికి రావడం మానేశాడు. మదలేనాళ్ అయితే కొడుకును మింగినవాడని రోజూ జపమాల అయ్యాక వాణ్ణి ఒకసారి తిట్టుకుని గానీ పడుకోదు.

ఊరికి తెలిసిన కథ ఇది. తెలియని ముక్క ఒకటుంది. అది అమలోర్పవానికి తెలుసు, ఇన్నాసికి తెలుసు. మూడో మనిషి సమాధిలో ఉన్నాడు.

శుక్రవారమూ శనివారమూ ఆమె తనతో తాను బేరాలాడింది. పాపం ఒప్పుకుని చెవిలో చెబితే ఫాదర్ క్షమిస్తాడు, దేవుడికీ తనకూ లెక్క సరిపోతుంది. సరిపోతుంది సరే, ఇన్నాసి తెప్ప మీద రెండో మనిషి ఎక్కుతాడా? పోనీ ఒంట్లో బాగోలేదని పడుకుంటే? పళ్ళెం అత్త మోస్తుంది. ఎనభై దాటిన మనిషి, కొడుకు పేరు మీద, వణికే చేతులతో. ఆ ఆలోచనకే ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది. ఆదివారం తెల్లారేసరికి బేరాలన్నీ అయిపోయాయి. తెల్లచీర కట్టుకుని అత్త చెయ్యి పట్టుకుని బయలుదేరింది.

చర్చి నిండింది. ఆదివారం ఎవరూ సముద్రం మీదికి పోరు కాబట్టి మగవాళ్ళు కూడా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. కానుకల పాట మొదలైంది. ముందు కొవ్వొత్తి, వెనక ద్రాక్షరసం, చివర అప్పాల పళ్ళెంతో అమలోర్పవం. ఫాదర్ పీఠం ముందుకొచ్చి నిలబడి, కొవ్వొత్తి అందుకున్నాడు, రసం అందుకున్నాడు, పళ్ళెం కోసం చేతులు చాచాడు.

అమలోర్పవం పళ్ళెం ఇవ్వలేదు. వంగి దాన్ని మెట్టు మీద పెట్టింది. కొంగు సర్దుకుని నిలబడింది.

"ఇది ఇక్కడే ఉంటుంది ఫాదర్. ఎవరూ ముట్టుకోవద్దు. నేనెళ్ళొస్తాను."

"ఎక్కడికమ్మా?"

"మీరే కదా వెళ్ళమన్నారు."

అని వెనక్కి తిరిగి, నాలుగొందల మంది చూస్తుండగా మధ్య దారిన నడిచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. చదువుకున్న ఊళ్ళో అయితే అది పోలికగా చెప్పిన మాట అనుకుని ఊరుకుంటారు. మణల్‌తురైలో చేప అంటే చేప, వెళ్ళు అంటే వెళ్ళు. ఉపదేశి పిచ్చై పళ్ళెం తీయబోతే ఫాదర్ అరుళ్ వద్దని తల ఊపాడు. గురువారం చెప్పిన మాట ఆదివారం ఎలా కాదంటాడు? వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. పాట అయిపోయింది. పాడేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని మళ్ళీ మొదటి చరణం ఎత్తుకున్నారు.

లైట్‌హౌస్ పక్కన ఇసుకలో ఇన్నాసి వల బాగుచేసుకుంటున్నాడు. చర్చి మైకు అక్కడి దాకా వినబడుతుంది.

"నాలుగోసారి పాడుతున్నారు. ఏమైంది మీ ఫాదర్‌కి?" అన్నాడు తలెత్తకుండా, పదేళ్ళుగా మాట్లాడని మనిషితో నిన్న కూడా మాట్లాడినట్టు.

"నా కోసం ఆగారు."

"నువ్విక్కడేం చేస్తున్నావు మరి?"

అమలోర్పవం ఇసుకలో చతికిలబడింది. అంత దూరం గబగబా నడిచి ఆయాసం వచ్చింది. "ఆ రోజు గాలి బాలేదన్నావు."

వల కుట్టే సూది ఆగింది.

"పడవ దించనన్నావు. అప్పుడు నేనేమన్నాను?"

"వదిలెయ్ అక్కా."

"ఏమన్నానో చెప్పు."

ఇన్నాసి వలనే చూస్తూ చెప్పాడు. "పక్కింటివాళ్ళు పడవ నిండా వంజరం తెచ్చారన్నావు. నీకు భయమైతే నా గాజులిస్తా, తొడుక్కుని ఇంట్లో కూర్చో అన్నావు. బావ ముందరే అన్నావు. బావ నవ్వాడు. ఆ నవ్వుకే దించాను."

అమలోర్పవం ఖాళీ ముంజేతుల వైపు చూసుకుంది. ఆ గాజులు ఆ వారంలోనే తీసేశారు.

"ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే? ఆ ముసలావిడతో ఒకే కప్పు కింద ఉండాల్సినదానివి. కొడుకును పంపింది నువ్వేనని తెలిస్తే ఒక్క పూట ఉండనిస్తుందా? ఎక్కడికి పోతావు? నాకేం, సముద్రముంది."

అప్పుడు ఏడ్చింది. పదేళ్ళుగా మొగుడి కోసం ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. ఈ ఏడుపులో తన మీద తాను జాలిపడడానికి ఏమీ మిగల్లేదు. మైకులో పాట అయిదోసారి మొదలైంది. ఆమె ముక్కు తుడుచుకుని లేచింది.

"లే. పద."

"ఎక్కడికి? నన్ను క్షమించమంటే క్షమించాను. ఎప్పుడో క్షమించాను. వెళ్ళి పళ్ళెం ఇచ్చుకో."

"నువ్వు నన్ను క్షమిస్తే నాకు బాగానే ఉంటుందిరా. నీకేం ఒరిగింది? నీ మీద నింద వేసింది ఊరి ముందు. తీసేది కూడా ఊరి ముందే."

"పిచ్చా నీకు? మీ అత్త ముందు వరసలో ఉంటుంది."

"ఉంది. నేనే కూర్చోబెట్టొచ్చాను. లేస్తావా, చెయ్యి పట్టి ఈడ్చుకెళ్ళమంటావా?"

చిన్నప్పుడు బడికి కూడా అలాగే ఈడ్చుకెళ్ళేది. ఇన్నాసి వల పక్కన పెట్టి లేచాడు.

వాళ్ళిద్దరూ వచ్చేసరికి పాట దానంతటదే నిలిచిపోయింది. ఇన్నాసి గడప దగ్గర ఆగిపోయాడు. ఎంత లాగినా లోపలికి రాలేదు. అమలోర్పవం ఒక్కతే నడిచి, పీఠం మెట్టు దగ్గర, పళ్ళెం పక్కన నిలబడి జనం వైపు తిరిగింది. పిచ్చై మైకు అందించబోయాడు. ముప్పై ఏళ్ళు చేపల మార్కెట్లో అరిచిన గొంతు అది, మైకు అక్కర్లేదంది. ఎదురుగా మదలేనాళ్ కూర్చుని ఉంది. అరచేతిలో జపమాల ఉంది. ఈ ముసలావిడకు ఆమె పదేళ్ళు తల దువ్వింది, కాళ్ళు పట్టింది. నిజం చెప్పాలంటే తన తల్లి కంటే ఎక్కువగా ప్రేమించింది.

"ఆ రోజు గాలి బాలేదని మా తమ్ముడు పడవ దించనన్నాడు. గాజులు తొడుక్కుని కూర్చోమని నేనే ఎగతాళి చేసి పంపించాను. వాడు ఎవర్నీ వదిలేసి రాలేదు. మా ఆయన్ని పంపింది నేను. వాడి మీద అబద్ధపు నింద వేసిందీ నేనే. పదేళ్ళు వాడు నోరు విప్పలేదు. ఇది చెప్పకుండా ఈ పళ్ళెం నేనెత్తలేను."

ఒక పసిపిల్ల ఏడుస్తుంటే తల్లి నోటి మీద చెయ్యి పెట్టింది. ఫాదర్ అరుళ్ కుర్చీలోంచి లేచాడు గానీ ఏం చెయ్యాలో ఆయనకూ తెలియలేదు. అది ఏ సెమినరీలోనూ నేర్పరు.

మదలేనాళ్ నేల మీద చెయ్యి ఆనించి లేచింది. అమలోర్పవం పట్టుకోబోతే ఆ చెయ్యి విదిలించుకుంది. కోడలి మొహం చూడలేదు. చాపల మధ్యనుంచి, ఒక్కో మనిషి భుజం పట్టుకుంటూ, గడప దాకా నడిచింది. ఇన్నాసి తల వంచుకుని నిలబడ్డాడు, దెబ్బకు సిద్ధపడి. ఆవిడ వాడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని మొహానికి ఆనించుకుంది. ఆ చేతికి వలకంపు, ఉప్పు. తర్వాత ఆ చెయ్యి వదలకుండానే లోపలికి నడిపించుకొచ్చి, ముందు వరసలో తన చాప మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

అప్పుడు కోడలి వైపు చూసింది.

"పళ్ళెం ఎత్తు. పూజ కానియ్యి. నీతో ఇంటికెళ్ళాక మాట్లాడతాను."

ఇంటి దగ్గర ఏముందో అమలోర్పవానికి తెలుసు. వంగి పళ్ళెం ఎత్తి ఫాదర్ చేతుల్లో పెట్టింది.