బల్ల విడిచే మర్యాద

"గ్రేవీ పలచనైంది" అన్నాడు వెండెల్, పళ్ళెం మీంచి తల ఎత్తకుండా.

పొయ్యి దగ్గర నిలబడిన మర్లిస్ కుడి మణికట్టు మీద మంచుముక్కల సంచీ అదుముకుంటూ భర్త మాట విన్నది. పిండి ఉండకట్టకుండా, అడుగంటకుండా, చిక్కబడేదాకా గరిటె తిప్పుతూనే ఉండాలి. సగంలో మణికట్టు మొరాయించింది. ఎడమచేతికి ఆ విద్య అబ్బలేదు. గ్రేవీ వెనుక ఇంత కథ ఉన్నదని చెప్పబోయి ఊరుకున్నది. చెబితే ఏమంటాడో ఆమెకు కంఠస్థమే. "నీకేం, కూర్చుని చేసే పనేగా! పేకముక్కలు పంచడమేగా! మండుటెండలో ఇళ్ళ కప్పులెక్కి ఏసీ మిషన్లు మోసినవాణ్ణి నేను. నొప్పి అంటే ఏమిటో నన్నడుగు." నడుము పట్టేసి ఆయన పని మానుకుని ఏళ్ళు గడిచాయి. ఆ నడుముకు ఇంట్లో జరిగే మన్ననలో ఆవగింజంత తన మణికట్టుకు దక్కి ఉంటే అనుకుని, ఆ ఆలోచనను కూడా మంచుసంచీ కిందనే అదిమిపెట్టింది. కొన్ని వారాలు పని మానకపోతే చేతికి ఆపరేషను తప్పదని డాక్టరు చెప్పిన సంగతి పోయిన నెలలోనే ఇంట్లో చెప్పింది. "మంచి రద్దీ రోజుల్లోనా? ఎండాకాలం పోనీ, చూద్దాంలే" అన్నాడు వెండెల్. ఆ చూద్దాం అక్కడే ఆగిపోయింది.

అంతకు ముందే అత్తగారు ఈడిత్ కళ్ళు మూసుకుని భోజనప్రార్థన చేసింది. మాంసం ఇచ్చినందుకు, దుంపలు ఇచ్చినందుకు, తన కొడుకును చల్లగా చూస్తున్నందుకు ప్రభువుకు పేరుపేరునా స్తోత్రాలు చెల్లించింది. దైవానికి కృతజ్ఞత చెప్పుకోవడం కంటె పుణ్యకార్యం మరొకటి లేదు. మర్లిస్ కూడా మనసారా ఆమెన్ అన్నది. అయితే ఆకలి తీర్చే ఆ పరమాత్మ ఈ లోకంలో ఎవరో ఒకరి చేతులతోనే కదా వడ్డిస్తాడు! ఆ చేతులు బల్లకు బారెడు దూరంలో మంచుసంచీ కింద ఉన్నాయన్న సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు. ఆమెన్ అనీ అనకముందే "ఏమమ్మాయ్, అలా నిలబడితే ఎట్లా? రొట్టెలు చల్లారిపోతున్నాయి, పట్రా" అన్నది ఈడిత్.

మరునాడు పొద్దున లాస్ వేగస్‌లో తాను డీలరుగా పనిచేసే పేకగదిలో బల్ల ముందు కూర్చున్నా, ఆ పలుచని గ్రేవీ మర్లిస్ మనసులో మరుగుతూనే ఉన్నది. ముక్కలు కలుపుతున్న వేళ్ళకు మాత్రం నిలకడ ఉన్నది. ఈ గదికి తనవైన మర్యాదలు ఉన్నాయి. ఏ గోడ మీదా రాసి ఉండవు, కానీ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళకు తెలుసు. పందెపు కుప్ప గెలిచినవాడు అందులోంచి ఒక చిప్పు, అంటే డబ్బుకు బదులు వాడే బిళ్ళ, తీసి డీలరు వైపు తోస్తాడు. ఆమె దాన్ని అందుకుని, ముందున్న ఇనుప పళ్ళెం అంచున ఒక్కసారి టక్కుమనిపించి, జేబులో వేసుకుంటుంది. ఆ చప్పుడే ఆమె చెప్పే ధన్యవాదం. కానీ ఎవరైనా మరిచిపోతే మాత్రం ఆమె అడగకూడదు. నోటితోనే కాదు, చూపుతో అడిగినా, నిట్టూర్పుతో అడిగినా ఉద్యోగం ఊడుతుంది. ఇక తన వంతు సమయం కాగానే మరో డీలరు వచ్చి వెనుకనుంచి భుజం తాకుతాడు. అప్పుడు లేచి, రెండు చేతులూ ఒక్కసారి చరిచి, అరచేతులు బోర్లించి, వెల్లకిలా తిప్పి, పైకప్పులోని కెమెరాకు చూపి, బల్ల విడిచి వెళ్ళాలి. ఇక్కడిది ఏదీ నా వెంట తీసుకుపోవడం లేదని దాని అర్థం.

ఇక్కడ అడగడమే నేరం. ఇంట్లో అడగనిదే ఏదీ చేతికి రాదు. సాయంత్రం చిప్పులను నోట్లుగా మార్చుకుని ఇంటికి చేరగానే ఆమె జేబు ఫ్రిజ్ మీది రేకుడబ్బాలో ఖాళీ అవుతుంది. డీలరు కుటుంబం వాళ్ళు ఈ గదిలో ఆడకూడదు గనుక, వెండెల్ ఆ డబ్బాలోంచి తీసుకుని, దీనికి ఎదురుగా ఉన్న హోటల్లోని పేకగదికి కాలక్షేపానికి వెళతాడు. కారులో పెట్రోలు పోయించడానికి మాత్రం ఆమె ఆయన్ను అడగాలి. "అడిగితే కాదన్నానా? నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా ఏం?" అంటాడు.

ఆవేళ ఒహాయో నుంచి వచ్చిన బట్టతల ఆసామి ఒకడు పెద్ద కుప్ప గెలిచి, మొత్తం తన వైపు ఊడ్చుకున్నాడు. పక్కన కూర్చున్న ఆర్విన్ పాత లారీ డ్రైవరు. ఆ గదికి రోజూ వచ్చే ముసలాయన. "ఏమయ్యా, చీపురుకట్టతో ఊడ్చినట్టు ఊడ్చావు. మరి ఆవిడకేదీ?" అన్నాడు.

"ఆవిడకెందుకు? ఆడింది నేను!"

"రాణులు రెండూ నీ చేతిలోకి నడిచొచ్చాయా? ఈ ఊళ్ళో వీళ్ళకిచ్చే జీతం ఉప్పుకు చాలదు. బతుకంతా ఈ చిప్పులే."

"మరి ఓడినవాళ్ళకూ ఆవిడేగా పంచింది?"

"అందుకే చెబుతున్నా. ముక్క ఎట్లా పడినా తప్పు ఆవిడది కాదు, చేతికష్టం మాత్రం ఆవిడదే. గెలిచినవాడు ఇయ్యాలి, ఓడినవాడు నోరు మూసుకోవాలి. అంతేనయ్యా మర్యాద!"

ఆసామి ముఖం ఎర్రబడింది. ఒక చిప్పు తీసి గాలిలోకి విసిరాడు.

"అబ్బ, కుక్కకు బొమిక వేసినట్టు ఏమిటది? బల్లమీద పెట్టి మెల్లగా తొయ్యి!"

బల్లంతా నవ్వింది. ఆసామి కూడా నవ్వి, ఈసారి చిప్పును వేలితో జరిపాడు. మర్లిస్ టక్కుమనిపించింది. మణికట్టులో నొప్పి చురుక్కుమన్నా ఆ చప్పుడు చెవికి చల్లగా తోచింది.

విరామ సమయంలో డీలర్ల గదిలో కోరా ఎదురైంది. ఫిలిప్పీన్స్ పిల్ల. పొద్దున ఇక్కడ, కొన్ని సాయంత్రాలు ఎదురు హోటల్లో పనిచేస్తుంది. చేతికి కొత్తగా పట్టీ ఉన్నది. ఇంటినుంచి తెచ్చిన సేమ్యా డబ్బా మూత తీసి "తిను అక్కా, ముఖం వాడిపోయింది" అని ముందుకు జరిపి, అడగకుండానే కథ అందుకున్నది.

"మొన్న సాయంత్రం ఒక తాగుబోతు వెధవ, చెడ్డ ముక్కలు పంచానని నన్ను నానా మాటలూ అన్నాడక్కా. మా బల్లకు తరచూ వస్తాడొకాయన, వెండెల్ అని. నీలిరాయి బిళ్ళ బెల్టు పెట్టుకుంటాడు. ఎంత చిన్న కుప్ప గెలిచినా చిప్పు తొయ్యకుండా ఉండడు. పెద్దదైతే ఐదు డాలర్ల ఎర్రచిప్పే! ఆయన ఆ తాగుబోతును కసిరి కూర్చోబెట్టాడు. 'నా భార్య కూడా ఈ పనే చేస్తుందయ్యా. ఈ మణికట్లు ఎంత సలుపుతాయో నాకు తెలుసు. పాపం, నిద్దట్లో మూలుగుతుంది. వీళ్ళను నోటికొచ్చినట్టు అనకూడదు' అన్నాడు. పోతూ పోతూ నాకొక ఎర్రచిప్పు తోసి, 'చెయ్యి జాగ్రత్త తల్లీ, కాస్త విశ్రాంతి ఇవ్వు' అన్నాడు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయనుకో. ఆ భార్య ఎవరోగాని పెట్టిపుట్టిందక్కా!"

నీలిరాయి బెల్టు మర్లిస్ కొన్నదే, ఆయన పుట్టినరోజుకు.  ఆయన నా భర్త అని అనవచ్చు, కానీ సేమ్యా డబ్బాకు మూత పెట్టి కోరా వైపు జరిపింది. ఎర్రచిప్పులను గురించి ఆమెకు కోపం రాలేదు. కోరా చేతులకు అవి తగినవే. తెలుసు అన్న ఒక్క మాటే చెవిలో గింగురుమంటున్నది. ఇన్నేళ్ళూ ఆమె తన ఓర్పు అనే ఇల్లంతా ఒకే పునాదిమీద కట్టుకున్నది. మగవాడు, పాపం తెలియదు, ఎప్పుడో ఒకనాడు తెలుసుకుంటాడు. తెలియనివాణ్ణి క్షమించమని దేవుడే చెప్పాడు. మరి తెలిసినవాడి మాటేమిటి? తన మూలుగు చీకట్లో విని, అటు తిరిగి పడుకుని, ఆ దయనంతటినీ భద్రంగా మూటగట్టుకుపోయి, వీధి అవతల ఎర్రచిప్పుగా మార్చుకుని మంచివాడనిపించుకున్న మనిషిని ఏ ప్రార్థనలో చేర్చాలి? మర్యాద తెలియనివాడైతే నేర్పవచ్చు. వెండెల్‌కు మర్యాద క్షుణ్ణంగా వచ్చు. అది ఎక్కడ చూపాలో, ఎక్కడ చూపకపోయినా చెల్లుతుందో కూడా వచ్చు.

తిరిగి బల్ల ముందుకు వచ్చి పంచడం మొదలుపెట్టింది. ఒక ముక్క గాలిలో తిరగబడి వెల్లకిలా పడింది. "ఏమమ్మా, నీ చేతిలో ముక్క తిరగబడడం ఎన్నడూ చూళ్ళేదే!" అన్నాడు ఆర్విన్. భుజం మీద తర్వాతి డీలరు చెయ్యి పడగానే ఆమె లేచింది. చేతులు చరిచింది, అరచేతులు తిప్పి చూపింది. సరాసరి సూపర్‌వైజరు దగ్గరికి నడిచి, రేపటినుంచి కొన్ని వారాలు రాననీ, డాక్టరు చెప్పి నెల అయిందనీ చెప్పింది. "వెళ్ళమ్మా, నీ చోటు ఎక్కడికీ పోదు. ఇన్నాళ్ళూ ఎందుకాగావు?" అన్నాడాయన. ఆ ప్రశ్నను వెంటబెట్టుకునే ఆమె ఇంటికి బయలుదేరింది.

ఇంటికి వచ్చేసరికి వెండెల్, ఈడిత్ అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. పొయ్యి పక్కన దుంపలు తొక్క తీయకుండా పడి ఉన్నాయి.

"ఆలస్యమైందేమే? ఇవాళైనా గ్రేవీ చిక్కగా ఉండాలి" అన్నాడు వెండెల్. ఆయన చూపు ఆమె జేబు మీదికీ, ఫ్రిజ్ మీది డబ్బా మీదికీ పోయి వచ్చింది. ఆమె డబ్బా వైపు నడవలేదు.

"ఎదురు హోటల్లో కోరా అని ఒక అమ్మాయి ఉన్నది. నువ్వు చాలా పెద్దమనిషివని చెప్పింది."

వెండెల్ చేతిలోని ఫోర్కును ఖాళీ పళ్ళెం పక్కన పెట్టాడు. "మర్యాద తప్పకూడదు కదా! పాపం, వాళ్ళ బతుకే అది" అన్నాడు మెల్లగా.

"అవును. నేను నిద్దట్లో మూలిగేది కూడా చెప్పావట."

 ఈడిత్ ఇద్దరినీ మార్చిమార్చి చూసి "మూలుగులూ ముచ్చట్లూ తిన్న తర్వాత చెప్పుకోండి. ముందు ఆ దుంపల సంగతి చూడమ్మాయ్, పొద్దుపోతోంది" అన్నది.

మర్లిస్ బల్ల దగ్గరికి వచ్చింది. నిలబడి, రెండు చేతులూ ఒక్కసారి చరిచింది. అరచేతులు వెల్లకిలా తిప్పింది, బోర్లించింది, మళ్ళీ వెల్లకిలా తిప్పింది.

"ఏమిటే ఆ చప్పట్లు? వంటెవరు చేస్తారు?" అన్నది ఈడిత్.

వెండెల్‌కు ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. ఏళ్ళ తరబడి పేకబల్లల దగ్గర అలవాటైన అతని చూపు, ఆమె భుజం తాకడానికి రావలసిన తర్వాతి మనిషి కోసం ఆమె వెనుకకు వెళ్ళింది. అక్కడ ఎవరూ లేరు.