బాత్రూం లేని జ్ఞాపకాలు

నోయిడా తెలుగు పర్వతారోహకుల సమాఖ్యలో నూట పన్నెండు మంది సభ్యులున్నారు. వాళ్లు ఎక్కిన పర్వతం మాత్రం ఒక్కటే. గుర్‌గావ్ దాటాక అరావళిలో ఉన్న ఆ గుట్టని గౌరి పుట్టిన కర్నూలు వైపు అయితే గొర్రెలు కాసేవాళ్లు బీడీ కాల్చుకుంటూ ఎక్కి దిగేస్తారు. సమాఖ్యవాళ్లు మాత్రం చేతికో కర్ర, నడుముకి రెండు నీళ్ల సీసాలు, నుదుటికి లైటు కట్టుకుని మరీ ఎక్కేవారు. అదీ పట్టపగలు.

ఆ నడకదారి పక్కనే గౌరి, ఆమె భర్త చెన్నకేశవులు ఎనిమిదేళ్లు టెంట్ల క్యాంపు నడిపారు. చెన్నకేశవులు మిలిటరీలో వంట చేసి రిటైరైన మనిషి. గుట్ట దిగి వచ్చినవాళ్లకి వేడి వేడి సంగటి, వేరుశనగ చట్నీ, పడుకోవడానికి ఒక టెంటు. మూడు నెలల క్రితం ఆ క్యాంపు మూతపడింది. ఆ దుఃఖం ఆపుకోలేక సమాఖ్య ఒక ఆదివారం పొద్దున సొసైటీ హాల్లో ‘మధుర స్మృతుల సభ’ పెట్టి, గౌరిని పిలిచింది.

గౌరి ఊరికే రాలేదు. ఆమె సంచిలో అటవీ శాఖవాళ్లిచ్చిన ఒక కాగితం ఉంది. క్యాంపు ఉన్నది అడవి నేల, టెంట్లు తప్ప సిమెంటు కట్టడం పనికిరాదు. క్యాంపులో ఉన్న ఒకే ఒక్క సిమెంటు కట్టడం బాత్రూం, క్యాంపు మూయించింది దానివల్లే. “ఇది రేపటి ఫామ్‌హౌసుకి పునాది కాదని ఏం నమ్మకం? నడవడానికి వచ్చినవాళ్లు అడిగితేనే కట్టామంటున్నారుగా, ఆ అడిగినవాళ్ల చేత రాయించుకు రండి. లేదా మీ చేత్తో మీరే పడగొట్టండి. మంగళవారం దాకా చూస్తాం” అన్నాడు అధికారి.

పడగొట్టేద్దామన్నాడు చెన్నకేశవులు. గౌరి ససేమిరా అంది. సమాఖ్యవాళ్లు రెండేళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే కట్టిన బాత్రూం అది. మోకాళ్లు వంగవు, కమోడ్ లేకపోతే ఇక రానని సమాఖ్య అధ్యక్షుడు కేశవరావు గ్రూపులో పదమూడు లైన్ల మెసేజీ పెట్టాడు. గీజరు లేకపోతే జలుబు చేస్తుందని సభ్యురాలు సాయిసుధ గునిసింది. రోడ్డు నుంచి క్యాంపు దాకా బండి రాని దారిలో సిమెంటు తట్టలు నెత్తిన మోసింది గౌరే. “అడిగినోళ్లు సంతకం పెట్టరా ఏంది? మన ఇంటి మనుషులట్ల తిరిగినారు” అంది. “పెట్టర్లే” అని చెన్నకేశవులు నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకి ఒళ్లు మండింది.

హాల్లో అడుగుపెట్టగానే గౌరి ఆగిపోయింది. స్టేజీ మీద ఫ్లెక్సీ, పక్కన చెన్నకేశవులు ఫోటో, దానికో దండ, ముందు వెలుగుతున్న దీపం.

“ఏందప్పా ఇది! ఆయప్ప బతికే ఉండాడు. నడుం నొప్పని రాలేదు, అంతే!”

కార్యదర్శి కిరీటి నాలుక్కరుచుకున్నాడు. “అచ్ఛా! సారీ ఆంటీ, డెకరేషన్ వాళ్ల మిస్టేక్” అని దీపం ఆర్పేశాడు. ఫోటోల్లో బాగా వస్తుందని దండ మాత్రం ఉంచేశాడు.

సభ మొదలైంది. కేశవరావు మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు. “అక్కడ ఏముందండీ? ఏమీ లేదు! పైన ఆకాశం, కింద భూమి. తెల్లారుతూనే చెంబు పట్టుకుని అలా పొదల్లోకి నడిచిపోయేవాళ్లం. ఆ స్వేచ్ఛ మళ్లీ ఎక్కడ దొరుకుతుందండీ!”

హాలంతా చప్పట్లు. గౌరి నోరు వెళ్లబెట్టింది. ఈ మహానుభావుడు ఏనాడు పొదలోకి వెళ్లాడు? బాత్రూం కట్టకముందు రోడ్డు మీదికి దిగి పన్నెండు కిలోమీటర్లు కారేసుకుని పెట్రోలు బంకుకి పరిగెత్తేవాడు కదా!

తర్వాత సాయిసుధ వచ్చి, డిసెంబరు చలిలో మంచులాంటి నీళ్లతో స్నానాలు చేసిన వైనం చెప్పి కళ్లొత్తుకుంది. ఆవిడ గీజరు దగ్గర గంట నిలబడితే బయట తువ్వాళ్లు పట్టుకుని బారులు తీరినవాళ్లు కూడా కళ్లొత్తుకున్నారు. కిరీటి అయితే తేలు కుట్టినా దిగమింగుకున్నానన్నాడు. అది చీమ. ఉల్లిపాయ రుద్దింది గౌరే.

ఆమెకి శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమన్నారు. గౌరి శాలువా మడిచి కుర్చీలో పెట్టి, సంచిలోంచి కాగితం తీసి సంగతంతా చెప్పింది. “ఆ బాత్రూం మేం అడిగితేనే కట్టినారు అని ఇంత రాసి సంతకాలు పెట్టండి. క్యాంపు మళ్లీ తెరుచుకుంటాది” అంది.

కాగితం ముందు వరుసలో చేతులు మారింది.

“అక్కడ బాత్రూం ఉండేదా?” అన్నారు వెనకనుంచి ఎవరో.

కేశవరావు నీళ్లు నమిలాడు. “అంటే గౌరిగారూ, నా పొజిషన్లో గవర్నమెంటు కాగితం మీద... పోనీ, ‘ఆడవాళ్లు అడిగారు’ అని మార్చి రాయండి.”

“మేమెప్పుడు అడిగాం సార్?” అని సాయిసుధ లేచింది. “మేం చల్లనీళ్లే పోసుకున్నాం!”

“ఆంటీ, మీరు పీడీఎఫ్ గ్రూపులో పెట్టండి, చూద్దాం” అన్నాడు కిరీటి.

గౌరి ఒక్కొక్కరి మొహం చూసింది. అబద్ధమాడుతున్న మొహాలు కావవి. నిజంగానే మర్చిపోయారు. చెంబు పట్టుకుని తిరిగామనే నమ్ముతున్నారు. ఆమెకి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. తట్టలు మోసిన మెడ ఇప్పటికీ తిరగడం లేదే, ఆ మెడ సాక్షిగా వీళ్లకి గుర్తు లేదే!

“సరేప్పా” అంది. “రేపే పగలగొడతాం. మీకు అట్లుంటేనే ఇష్టమని ఇప్పుడు తెలిసింది. వచ్చే శనివారం టెంట్లేస్తాం, చెంబులు నేనే ఇస్తా. ఎవరెవరొస్తారో చేతులెత్తండి.”

ఇందాక అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టిన జనంలో ఒక్కరూ చెయ్యెత్తలేదు. కిరీటి ఫోన్లో క్యాలెండరు తిప్పాడు. “శనివారం రిషికేశ్‌లో రిసార్టు బుక్ అయిపోయిందండీ” అన్నాడు కేశవరావు, మోకాలు నిమురుకుంటూ. “మీరూ రాకూడదూ? రూములు చాలా బాగుంటాయి.”

గౌరి భోజనానికి ఆగలేదు. మెట్రో స్టేషన్లో కూర్చుని భర్తకి ఫోన్ చేసింది.

“పెట్టినారా?” అన్నాడు చెన్నకేశవులు.

“ఒక్కరూ పెట్టలేదు.”

ఈసారి అతను నవ్వలేదు. “పోనీలే మే. పొద్దుగూకకముందే వచ్చేయ్.”

“గునపం తీసి బయట పెట్టు. పొద్దున్నే మొదలుపెడదాం.”

“బాత్రూం లేకుంటే ఆళ్లు రారంటివే?”

“ఉన్నా రారు” అంది గౌరి. “మనం మూతబడి ఉంటేనే ఆళ్లకిష్టం. ఇంగెవరన్నా వస్తారులే, టెంట్లు ఎండకెయ్.”