రెండో సాక్షి

కింద ఎన్ని లైన్లు వదలాలో చెప్పండి మేడమ్ అని మోసెస్ మళ్ళీ అడుగుతున్నాడు, కాగితం టైపు మిషన్‌లో ఎక్కించి కూర్చున్నాడు, ఫుట్‌నోట్ ఎంత పొడవో తెలిస్తేగాని పైన ఎక్కడ ఆపాలో అతనికి తెలియదు, ఒక్క నిమిషం అన్నాను, మీ నిమిషాలకు నేను ముసలోడై పోతా, ఆడ బెంచీ మీద ఇంకో డాక్టరు కాబోయే సారు కాచుకోనున్నారు అన్నాడు, బెంచీ మీద ఆయన నవ్వాడు, నేనూ నవ్వాననుకుంటాను, చూలై వీధిలో బండ్లు పోతున్నాయి, పక్క షాపులో ఇనుము కోస్తున్నారు, నా చేతిలో థీసిస్ నాలుగో అధ్యాయం, అందులో ఒక్క వాక్యం, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రేవు దగ్గర కంపెనీ బొగ్గు కుప్ప కూలినప్పుడు చనిపోయినవారు ఇద్దరు, ఒక మగ కూలీ, అమ్మాసి అనే ఆడకూలీ, వాక్యం చివర అంకె, అంకెకు కింద జవాబు ఉండాలి, కంపెనీ విచారణ నివేదిక ఒక్కడే పోయాడంది, ఆడవాళ్ళను మేస్త్రీ తెచ్చుకునేవాడు, వాళ్ళ పేర్లు కంపెనీ హాజరులో ఉండవు, హాజరులో లేని మనిషి చనిపోవడం కుదరదు.

ఆ సంగతి నేను వెతకలేదు, తొండియార్‌పేటలో ఒకప్పటి రేవు కూలీ పొన్నమ్మ దగ్గరికి పోయింది కూలి రేట్లు అడగడానికి, ఆమె గుమ్మంలో చింతపండు గింజలు తీస్తూ రేట్లు చెప్పి, మా అక్క అమ్మాసి ఆ కుప్ప కిందనే వుండిపోయింది పాపా అంది, గింజ తీసి పక్కన పడేసింది, మారునాడు తీసినారు, మా నాయన పోయి చూసి వచ్చినాడు, వచ్చి మూల కూర్చున్నాడు అంది, నేను రాసుకోవడం మరిచిపోయి విన్నాను, టీ ఇచ్చింది, తాగాను, అది తీసుకుపోయి గైడు గోపాలస్వామి గారికి చెబితే ఆయన కళ్ళద్దాలు తీసి, నువ్వు నమ్ముతావమ్మా కస్తూరీ, నేనూ నమ్ముతా, పరీక్ష చేసేవాడు నమ్మాల గదా, ఒకరు చెబితే అది ఊసు, సంబంధం లేని ఇద్దరు చెబితే అది ఆధారం, రెండోది తీసుకురా, లేదంటే అమ్మాసిని తీసెయ్ అన్నారు, మరి నివేదిక మీద ఉన్నదీ ఒక్క మేనేజరు సంతకమే కదా సార్ అన్నాను, అది అచ్చయింది గదమ్మా అన్నారు, ఆయన ఎగతాళి చెయ్యలేదు, విచారంగానే అన్నారు, నేను తిరిగి తొండియార్‌పేట బస్సెక్కి అదే గుమ్మంలో కూర్చుని, అవ్వా, నువ్వొక్కదానివే చెబితే చాలదంట, ఇంకొకరు చెప్పాల అన్నాను, పొన్నమ్మ, చాలదా అంది, చాలదంట అన్నాను, సరి, వచ్చే వారం రా పాపా అంది.

వచ్చే వారం అలమేలు ఉంది, వెనక లైనులో కాపురం, కుప్ప కూలిన సంగతి చెప్పింది, అమ్మాసి కాలికి ఇత్తడి కడియం ఉండింది, ఆ కడియం చూసే వాళ్ళ నాయన గుర్తు పట్టినాడు అంది, తిరుగు బస్సులో నిలబడి ఉన్నా కాళ్ళ నొప్పి తెలియలేదు, రెండో ఆధారం, సంబంధం లేని మనిషి, కడియంతో సహా, అక్కడితో ఆగి ఉంటే బాగుండేది, మూడోది కూడా ఉంటే ఇంకా గట్టిగా ఉంటుందని నాకెందుకు తోచింది, ఈ పొద్దున పొన్నమ్మ పక్కింట్లో లూర్దుమేరి దగ్గరికి పోయాను, ఆమె కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, అమ్మాసి కాలికి ఇత్తడి కడియం ఉండింది అని మొదలుపెట్టింది, అలమేలు మాటలే, అదే వరస, ఆపిన చోటే ఆపింది, ఆపి, సరింగా వచ్చిందా పాపా, పొన్నమ్మ చెప్పినట్టే చెప్పినానా అంది, నువ్వు చూశావా అవ్వా అంటే, నేనెట్ల చూస్తా, నేనప్పుడు చెంగల్పట్టులో చిన్నపిల్లని, పెండ్లయినాక గదా ఈడికి వచ్చింది అంది, మరెందుకు చెప్పావు అంటే ఆశ్చర్యపోయింది, ఏం పాపా అట్లడుగుతావు, రేషన్ కార్డుకి ఆఫీసరు వస్తే నేనీడనే కాపురముండానని పొన్నమ్మ సాక్షి చెప్పలేదా, హౌసింగ్ బోర్డోళ్ళు వచ్చినప్పుడు అలమేలుకి నేను చెప్పలేదా, ఆఫీసరు అడిగితే పక్కింటోళ్ళు చెప్పాల, లేకపోతే పక్కిల్లెందుకు, సాక్షి చెప్పేదానికి ఈ లైనులో నన్ను మించింది లేదు, కావాలంటే ఇంకోతూరి చెప్తా, రాసుకో.

ఆ లైనులో నేను ఆఫీసరుని, ఇన్నాళ్ళూ తెలియలేదు, పొన్నమ్మ ఇంటికి పోయాను, కోప్పడదామనే పోయాను, ఆమె బియ్యం ఏరుతూంది, ఎందుకిట్లా చేశావవ్వా అంటే తల ఎత్తలేదు, నువ్వే గదా ఒకరు చాలదంటివి, ఇద్దర్ని పెట్టినా, ఇంకా కావాలన్నా పెడతా అంది, చూసినవాళ్ళు కావాలవ్వా, నిజంగా చూసినవాళ్ళు అన్నాను, చూసినోళ్ళు యాడుండారు పాపా, అందురూ పోయినారు, నేనే మిగిల్తి, నేను చెబితే నువ్వే వద్దంటివి అంది, మరి ఆ కడియం, ఉండిందా అని అడిగాను, ఆ అడిగిన గొంతు నాది కాదు, విచారణకు వచ్చినవాడి గొంతు, పొన్నమ్మ చేట పక్కన పెట్టింది, ఉండిందనే అనుకుంటా పాపా, ఇంతమంది చెప్పినాక నాకూ అట్లనే అవుపిస్తా వుంది, కడియం లేదనుకో, మా అక్క ఆడ చావలేదనుకో, మరి యాడికి పోయినట్టు, నువ్వే చెప్పు.

అక్కణ్ణుంచి లేచి వచ్చేశాను, ఇప్పుడు మోసెస్ మిషన్ పక్కన, మొదటిసారి కడియం మాట ఆమె అందా అని జ్ఞాపకంలో వెతుకుతున్నాను, చింతపండు కనిపిస్తుంది, గింజ పడిన చప్పుడు వినిపిస్తుంది, కడియం ఉందో లేదో తెలియదు, అలమేలు గొంతు వచ్చి దాని మీద కూర్చుంది, ఒకటి అబద్ధమని తేలితే మూడూ పోతాయి, పరీక్ష చేసేవాడి సంగతి అటుంచి నేనే నమ్మలేకపోతున్నాను, నమ్మనిదాన్ని కింద పెట్టలేను, పెన్ను తీసి అమ్మాసి అనే ఆడకూలీని కొట్టేశాను, ఇద్దరిని ఒక్కరిని చేశాను, నివేదిక ఒక్కటే మోసెస్, రెండు లైన్లు చాలు అన్నాను, అబ్బ, ఇంత చిన్నదానికా ఇంతసేపు అన్నాడు, మిషన్ కొట్టడం మొదలైంది, రేపో ఎల్లుండో పొన్నమ్మ అడుగుతుంది, బుక్కులో ఎక్కినాదా పాపా మా అక్క అని, లేదంటే తన సాక్షులు సరిగ్గా చెప్పలేదనుకుంటుంది, వాళ్ళతో జగడం వేసుకుంటుంది, ఆమె ఇన్నేళ్ళూ ఆ మాట ఎవరినీ సాక్షికి పిలవకుండా చెప్పింది, అక్క కుప్ప కింద పోయింది, నాయన పోయి చూసి వచ్చాడు, అంతే, దానికి కడియం అక్కర్లేకపోయింది, అలమేలు అక్కర్లేకపోయింది, కంపెనీ ఆమె మాట కాదనలేదు, కంపెనీ ఆమెను అడగనే లేదు, గైడు గారు ఆమెను చూడనే లేదు, ఆమె గుమ్మంలో కూర్చుని, ఆమె ఇచ్చిన టీ తాగి, నీ మాట చాలదని ఆమెకు మొట్టమొదట చెప్పిన మనిషిని నేను.