ఎగదోసినవాడి పేరు

నోటీసులో రెండో వాక్యం చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. తోటి కార్మికులను పని మానమని ఇన్‌స్టిగేట్ చేశావు, సంజాయిషీ ఇవ్వు అని ఉంది. ఆ ఇంగ్లీషు వాక్యం నాదే. ఆ కంట్రాక్టు కంపెనీలో ఇరవై ఆరేళ్లు టైపిస్టుగా చేశాను. రిటైరై తొమ్మిదేళ్లయింది. మేనేజర్లు మారారు, మిషన్లు మారాయి, దిక్కుమాలిన నా వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు.

నోటీసు పట్టుకుని, స్టీలు ప్లాంటు పక్కనున్న రిసాలిలో మా ఇంటికొచ్చినవాడు సూర్యారావు. ప్లాంటులో షెడ్ల పైకప్పు రేకులు మార్చే గ్యాంగులో పనిచేస్తాడు. నాలుగింటిలోగా ఇంగ్లీషులో జవాబు ఇవ్వకపోతే గ్యాంగు మొత్తానికీ గేట్ పాసులు ఆపేస్తారట. తప్పు ఒప్పుకున్నవాడికి ఎలాగూ పోతుంది. పాస్ పోయినవాణ్ని ఇంకో కంట్రాక్టరు దగ్గరికి రానివ్వడు.

"ఈ మాటకి అర్థం ఏటి బావూ?"

"ఊరికే ఉన్నవాళ్లను చెడ్డపనికి ఉసిగొల్పడం."

"మరి మేనేజరు రోజూ మమ్మల్ని తోలి తోలి పైకెక్కిస్తాడు గదా. దానికీ ఇదే మాటా?"

"కాదు. దాన్ని మోటివేషన్ అంటారు."

అన్నాక నాకే సిగ్గేసింది. అసలేం జరిగిందో చెప్పమన్నాను.

"నాను నోరు కూడా ఇప్పలేదు బావూ. మా గ్యాంగులో ఛాయని ఓ పిల్ల, పైనుంచి పడిపోకండ కట్టుకునే దాని బెల్టుకి కొక్కెం ఇరిగిపోయుంది. ఇంకోటియ్యండంటే 'చల్తా హై, చఢ్ జా', పర్లేదు ఎక్కీమని అన్నాడు సూపర్వైజరు. ఎక్కనని ఆ పిల్ల కింద కూసుండిపోనాది. దాని పక్కన నాను కూసున్నాను. మిగతా పదిమందీ మమ్మల్ని చూసి కూసున్నారు. అంతే."

"అయితే నువ్వెవర్నీ ఎగదోయలేదు! అదే రాస్తాను. మొదట కూర్చున్నది ఛాయ అని, బెల్టు..."

"వద్దు బావూ!" కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "అలగ రాస్తే ఆ మాట దాని మీదకెల్లి కూసుంటాది. దానికి చంటిపిల్లుంది. నానే సేసినానని రాయండి. ఇంకెవల్నీ అడక్కుండా, గట్టి ఇంగ్లీసులో."

"నీ పాస్ పోతుందయ్యా!"

"తెల్సు."

నాకు కోపం ఆగలేదు. విరిగిన కొక్కెంతో ఆడపిల్లని కప్పు మీదికి ఎక్కమన్నవాడికి నోటీసు లేదు, నేల మీద కూర్చున్నవాడికి నోటీసా అని కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ ఊపులో, ఈ వాక్యం ఒకప్పుడు నేను టైపు చేసిందేనని కూడా చెప్పేశాను. సూర్యారావు అంతా విన్నాడు.

"ఈ మాట మీరెంతమందికి టైపు కొట్టినారు బావూ?" అని అడిగాడు.

నోటీసులో పేరు దగ్గర ఖాళీ ఉండేది. పైనుంచి ఏ పేరు వస్తే ఆ పేరు కొట్టేవాణ్ని. వాళ్లలో ఒక్కడైనా నిజంగా నోరు విప్పాడా అని ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

"తెలీదు," అన్నాను.

అతను గోడ గడియారం వైపు చూశాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

"మూడున్నరైపోనాది. రాసీండి," అన్నాడు.

రాశాను. ఇన్నేళ్లలో ఆ మాట ముందు 'నువ్వు'కి బదులు 'నేను' అని రాయడం నాకదే మొదటిసారి. సూర్యారావు దాని కింద తెలుగులో సంతకం పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సైకిలెక్కి గేటువైపు వెళ్లిపోయాడు.